చౌడమ్మ ఫోల్డరు

యశోదకు మతిమరుపంటే ఒళ్ళు మంట. "అయ్యో, మర్చిపోయినా" అని ఎవరైనా అన్నారంటే చాలు, కట్టుకున్న మొగుడైనా, పెనుకొండ ఫ్యాక్టరీలో పై ఆఫీసరైనా ఆమెకు ఒకటే. మొహం చిట్లించుకుని, "మర్చిపోయేదాన్ని మనసులో యాల పెట్టుకుంటారప్పా? మనసేమన్నా పనులు దాచిపెట్టుకునే గూడా?" అని దులిపేసేది.

ఈ తెలివి ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. పెనుకొండ దగ్గర కార్ల సీట్లకు తొడుగులు కుట్టే ఫ్యాక్టరీలో, ప్లానింగ్ సెక్షన్లో ఆమె ఉద్యోగం. ఏ గుడ్డ ఎప్పటికి రావాలి, ఏ దారం ఎప్పటికి అయిపోతుంది, సరుకు పంపనివాళ్ళకు ఎప్పుడు ఫోన్ చేసి తిట్టాలి, ఇదీ పని. ఒకసారి ఆ ఫ్యాక్టరీవాళ్ళు బెంగుళూరు నుంచి టై కట్టుకున్న పెద్దమనిషిని ఒకాయన్ని పిలిపించి అందరికీ క్లాసు చెప్పించారు. ప్లానర్ అని ఒకటుందట. కంప్యూటర్లోనూ ఉంటుందట, ఫోన్లోనూ ఉంటుందట. చేయాల్సిన ప్రతి పనీ అందులో రాసుకోవాలట. ఒక్కో రకం పనులకు ఒక్కో ఫోల్డరు పెట్టుకుని, ప్రతి పనికీ ఒక తేదీ ఇవ్వాలట. ఇచ్చేశాక ఆ పనిని మనసులోంచి తుడిచేయాలట. తేదీ వచ్చిన పొద్దున అదే గంట మోగించి పిలుస్తుందట. మిగతావాళ్ళు టీ ఎప్పుడొస్తుందా అని ఆవలిస్తూ కూర్చున్నారు. యశోద మాత్రం ఆ మాటలను మంత్రోపదేశంలాగా పుచ్చుకుంది.

ఇక చూడండి, హిందూపురంలో వాళ్ళింట్లో ఫోల్డర్ల రాజ్యం మొదలైంది. ఇంటికొక ఫోల్డరు, కూతురు ధరణి బడికొకటి, ఆఫీసుకొకటి, మొగుడి బండికొకటి. మొగుడు గిరి లగేజీ ఆటో తోలుతాడు. హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ళ మూటలు, ధర్మవరంలో చీరల పెట్టెలు, ఏవి దొరికితే అవి ఎక్కించుకుని తిరుగుతుంటాడు. నోరు మంచిదే కానీ ఒళ్ళు వంగని మనిషి.

"నాకు గూడా ఒక ఫోల్డరు పెట్టినావంట. దాంట్లో ఏమేమి ఉండాయి మే?" అని పళ్ళికిలించాడు.

"బండి ఇన్సూరెన్సు ఉండాది, టైర్లు మార్పించేదుండాది, నువ్వు గడ్డం గీక్కునేదుండాది."

"ఇన్ని పనులు నావేనా? నేను పనిలేని మనిషిననుకుంటాంటి గదా ఇన్నాళ్ళు!"

యశోదకు నవ్వొచ్చింది. ఆ ఇంట్లో అప్పట్లో నవ్వులకు కొదవ ఉండేది కాదు.

ఆ నవ్వుల మధ్యే ఒక భయం కూడా కూర్చుని ఉండేది. ఆ భయం యశోద తల్లి యల్లక్క కళ్ళది. యల్లక్కది ధర్మవరం అవతల ఒక మెట్ట ఊరు. బతుకంతా గొర్రెల వెనక తిరిగిన మనిషి. మొగుడు పోయాక గొర్రెలు అమ్మేసి కూతురి దగ్గరికి వచ్చేసింది. ఒంట్లో చక్కెర ఉన్న సంగతి ఆమెకు తెలిసేలోపే కుడి కన్ను తినేసింది. మిగిలింది ఎడమ కన్నొక్కటే. దాని లోపల కూడా నరాలు చెడుతున్నాయనీ, నెలనెలా కంట్లోకే సూది వేయించుకుంటే నిలబడుతుందనీ, మధ్యలో ఆపితే మాత్రం తన పూచీ లేదనీ బెంగుళూరు దారిలో ఉన్న కంటాసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. కంట్లో సూది అంటే వినేవాళ్ళకే ఒళ్ళు జలదరిస్తుంది. యల్లక్క మాత్రం ఒక్కనాడూ వద్దనలేదు.

ఎందుకంటే ఆ ఒక్క కంటితో ఆమె చేసే పనులు అన్నీ ఇన్నీ కావు. చింతపండు తెచ్చి గింజలు తీసేది. ధరణికి పేలు చూసి జడలేసేది. అన్నిటికన్నా ఇష్టమైన పని ఇంకొకటి. వాళ్ళ వీధి చివర బైపాసు మీదికి ఎప్పుడైనా గొర్రెల మంద వస్తే, ఎక్కడున్నా వచ్చి గేటు పట్టుకుని నిలబడేది. "ఏమప్పో, ఆ ఎనకొచ్చే నల్లదానికి గిట్టలో పుండుండాది, చూసుకో" అని కేకేసేది. కాపరులు మొదట్లో విసుక్కున్నా, వంగి చూశాక నోరు మూసుకునేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక కూడా ఆమె ఆ దుమ్ము వైపే చాలాసేపు చూసేది. ఆ చూపు నిలబడాలని యశోద ఆరాటం. అంతకు మించి ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు.

మరి అంత ముఖ్యమైన పనికి ఫోల్డరు పెట్టకుండా ఉంటుందా? "అమ్మ కన్ను" అని ఒకటి పెట్టి, అందులో సూది తేదీ రాసి, నెలనెలా దానంతటదే వచ్చేలా చేసింది. చేసి, మురిసిపోయి, తల్లికి చూపించింది. అక్కడ వచ్చింది తంటా.

"ఫోల్డరంటే ఏంది మే?" అంది యల్లక్క.

"సంచి అనుకో మా. ఒక్కో రకం పనికి ఒక్కో సంచి."

"నా కంటి జబ్బుకు సంచి కడతాండావా నువ్వు?" యల్లక్క మొహం మాడిపోయింది. "జబ్బుకు ఇల్లు కట్టిచ్చి పేరు రాసి పెడితే అది యాడికి పోతాది? ఈడే కాళ్ళు సాపుకుని కూర్చుంటాది. మా గొర్లకు రోగమొస్తే మేము దాని పేరెత్తేవాళ్ళమే కాదు. అమ్మోరి పని అనేవాళ్ళం, అంతే. తుడిచెయ్ ముందు."

"అట్ల కాదు మా, గుర్తుండల్ల గదా..."

"గుర్తుండేదానికేమి? చౌడమ్మ సంచి ఉండాది గదా, దాంట్లో ఎయ్యి. కన్నూ ఆయమ్మదే, సూదీ ఆయమ్మదే."

చౌడమ్మ యల్లక్క పుట్టినూరి దేవత. ఎడమ కన్ను నిలబడితే వెండి కళ్ళు చేయించి ఇస్తానని యల్లక్క మొక్కుకుంది. అందుకని చౌడమ్మ పేరు మీద అప్పటికే ఒక ఫోల్డరుంది. ధర్మవరంలో వెండి పనివాడికి కళ్ళు చేయమని చెప్పేది, ఆయమ్మకు చీర కొనేది, మంగళవారం పొంగలి పెట్టేది, అన్నీ అందులోనే ఉన్నాయి. ఒక ఫోల్డర్లో ఒక రకం పనులే ఉండాలని టై కట్టుకున్న పెద్దమనిషి మరీమరీ చెప్పిన మాట యశోదకు గుర్తుకొచ్చింది. ఇంకా వాదించేదే. కానీ తల్లి ఎడమ కంట్లో నీళ్ళు తిరిగాయి. ఆ కంటికి ఏడుపు మంచిది కాదు. "సరే, యాడుంటే ఏమిలే, తేదీ ఉండాది గదా" అనుకుని, సూదిని వేలితో జరిపి చౌడమ్మ ఫోల్డర్లో పడేసింది. "అమ్మ కన్ను" ఫోల్డరు తుడిచేసింది. అందులో తప్పు పట్టాల్సిందేముంది? ఎవరున్నా అదే చేసేవాళ్ళు.

ఆ తర్వాత చాలా నెలలు అంతా గడియారంలాగా నడిచింది. సూది రోజు పొద్దున్నే ఫోన్లో గుడి గంటలాంటి చిన్న శబ్దం మోగేది. యశోద దిండు కింద తడుముకునేలోపే యల్లక్క లేచి నీళ్ళు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఆసుపత్రి కార్డు సంచిలో పెట్టుకుని గడప దగ్గర కూర్చునేది. "ఫోను పిలిచింది, పా మే. బస్సు పోతాది" అని తొందర పెట్టేది. చదువురాని ఆ తల్లికి ఫోను మీద అంత గురి కుదిరింది. అది పిలిచిందంటే చౌడమ్మ పిలిచినట్టే.

కుదరంది గిరికే. అదే ప్లానర్‌ను యశోద అతని ఫోన్లోనూ పెట్టింది, ఒకరు తేదీ మారిస్తే ఇద్దరి ఫోన్లలోనూ మారుతుంది. "ఆ గంట నా ఫోన్లో గూడా మోగుతాంటే నాకు బడికి పోతాండట్ల ఉండాది" అని గునిసేవాడు. యశోద వదల్లేదు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఒక ఆదివారం కూర్చోబెట్టి నేర్పింది కూడా. "ఇట్ల చూడప్పా. ఒక్కో పని తేదీ మార్చక్కర్లేదు. ఫోల్డరు మింద ఏలు పెట్టి ఒత్తి పట్టుకుంటే దాంట్లో ఉండేవన్నీ ఒకేసారి ముందుకు పోతాయి. లారీ రాకపోతే ఫ్యాక్టరీలో మేమిట్లే చేస్తాం." గిరి ఊఁ కొట్టాడు. ఆ ఊఁ ఎక్కడికి పోయిందో ఆ దేవుడికే తెలియాలి అనుకుంది యశోద.

పుష్యమాసంలో గిరి చిన్నాయన పోతులయ్య చనిపోయాడు. పెనుకొండ పక్క ఊళ్ళో ఉండేవాడు. గిరిని చిన్నప్పుడు భుజాల మీద మోసిన మనిషి. అందరూ వెళ్ళారు, యల్లక్క కూడా. దాయాదుల చావు కాబట్టి ఇంటికి మైల. మట్టి చేసి వచ్చాక, గిరి పెద్దమ్మ కుళ్ళాయమ్మ అరుగు మీద కూర్చుని ఎవరెవరు ఏమేం చేయకూడదో చెప్పింది. ఆమె మాటంటే ఆ వంశంలో రాత రాసినట్టే.

"దినాలు కానీండి. అయినా గూడా ఉగాది పోయేదాకా మొక్కులు, ముడుపులు ఎవురూ ముట్టగాకండి. సమచ్చరం మారల్ల. గిరీ, మీ అత్తకు ఏందో చౌడమ్మ మొక్కుండాదంట గదా, అదీ అంతే."

గిరి తలూపి, జేబులోంచి ఫోను తీశాడు. కాసేపు దానితో కుస్తీ పట్టి, పెరట్లో గిన్నెలు కడుగుతున్న యశోద దగ్గరికి వచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బున్నాయి, అయినా మొహంలో ఒక రకం గర్వం.

"చూడు. చౌడమ్మ ఫోల్డరు మొత్తం ఉగాది ఎల్లినాకకు జరిపేసినా. ఒక్క ఏలితోనే."

యశోద తడి చేతులు కొంగుకు తుడుచుకుని చూసింది. నిజమే, ఫోల్డరు పక్కన తేదీ మారింది. ఆ చావింట్లో, అంత దుఃఖంలో, ఆమెకు మొగుడి మీద ప్రేమ పొంగుకొచ్చింది. తను నోరు తెరిచి అడక్కుండానే ఇంటి బరువు ఒకటి ఎత్తుకున్నాడని అనిపించింది.

"అబ్బ! ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందప్పా నీకు" అంది.

ఫోల్డరు తెరవలేదు. తెరిచి చూడాలన్న ఆలోచనే రాలేదు. సూది సంగతి ఆమె మనసులో ఉంటే కదా రావడానికి! చెప్పినట్టే శుభ్రంగా తుడిచేసుకుంది.

హిందూపురం తిరిగొచ్చేసరికి ఫ్యాక్టరీలో కొత్త మోడలు కారు సీట్ల పని నెత్తిన పడింది. ఆదివారాలు కూడా డ్యూటీలే. పొద్దున కంపెనీ బస్సెక్కితే మళ్ళీ ఇల్లు చేరేది దీపాలు పెట్టాకే. ఈ హడావిడిలోనే ఒక పొద్దున, ఒక చేత్తో టిఫిను డబ్బా మూత పెడుతుంటే యల్లక్క వచ్చి వంటింటి గోడ పట్టుకుని నిలబడింది.

"అమ్మీ, నా సూది దినం ఇంగా రాలేదా?"

యశోద రెండో చేత్తో ఫోను తీసి చూసింది. ఈ రోజు పేజీలో లేదు. ఈ వారం పేజీలోనూ లేదు. బయట బస్సు హారన్ కొడుతోంది.

"లేదు మా. వస్తే అదే పిలుస్తాది గదా."

"అవునులే, అది మర్చిపోదు" అని యల్లక్క తృప్తిగా వెనక్కి తిరిగింది.

నెల దాటిపోయిందని ఆమాత్రం తెలియదా అని మీరు అడగొచ్చు. తెలియదు. నెలలు లెక్కపెట్టే పని ఫోనుకు అప్పగించిన మనిషికి నెలలు తెలియవు. అంతకు ముందు ఫోను లేనప్పుడు ఆమె అమావాస్యను బట్టి, జీతం రోజును బట్టి అన్నీ గుర్తు పెట్టుకునేది. ఆ గుర్తులన్నీ తీసేసుకుంది.

ఇంకో నాడు యల్లక్క తన బటన్ ఫోను చూపిస్తూ, "ఎవురిదో నంబరు మే, మళ్ళీ మళ్ళీ వస్తాండాది. నువ్వు చెప్పినట్లే నేను ఎత్తలేదు" అంది. తెలియని నంబర్లు ఎత్తితే మోసం చేస్తారని యశోద తల్లికి గట్టిగా చెప్పి ఉంచింది. "మంచి పని చేసినావు మా" అని మెచ్చుకుంది. ఆసుపత్రి కార్డు మీద రాయించింది తల్లి నంబరేనన్న సంగతి ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు.

మాఘం పోయింది, ఫాల్గుణం వచ్చింది. ఎండలు ముదిరాయి. ఒక సెలవు రోజు సాయంత్రం యశోద వాకిట్లో బట్టలు ఆరేస్తుంటే వీధి చివర గొర్రెల మంద వచ్చింది. మెడల్లో గంటలు గలగలమంటున్నాయి. యల్లక్క ఎప్పటిలాగే గబగబా వచ్చింది. గేటు కోసం రెండు సార్లు గాలిలో తడిమి, మూడోసారికి పట్టుకుంది. కేకేస్తుందని యశోద చూస్తోంది. కేక రాలేదు. యల్లక్క మొహం గంటల వైపు తిప్పి, నోరు కొంచెం తెరుచుకుని నిలబడింది.

"అమ్మీ" అంది మెల్లగా. "ఆ గొర్లు నల్లవా, ఎర్రవా?"

యశోద చేతిలోని తడి చీర కింద పడిపోయింది. ఉరికి వచ్చి తల్లి మొహం ముందు చెయ్యి ఆడించింది. ఎడమ కన్ను చలించలేదు.

"ఎన్నాళ్ళనుంచి మా? ఎన్నాళ్ళనుంచి ఇట్ల?"

"మీ చిన్నమామ పోతులయ్య దినాలు అయినప్పట్నుంచి రోంత మసక. నల్లగా దారాలు దిగుతాన్నట్ల ఉండె. మొన్నట్నుంచి మబ్బు పట్టినట్లు ఐపోయింది."

"యాల చెప్పలేదు మా? నోరు పడిపోయిందా నీకు?"

"కోప్పడగాకు మే. నువ్వు పనితో సస్తాంటివి గదా. ఫోను పిలవలేదు గదా ఇంగా. అది పిలిచినప్పుడు డాక్టరమ్మకు ఒకేసారి చెప్దామనుకున్న్యా."

యశోద తల్లి చేయి పట్టుకుని లోపలికి నడిపించింది.

మర్నాడు తొలి బస్సుకే తీసుకెళ్ళింది. డాక్టరమ్మ కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూసింది. తర్వాత నర్సుకు సైగ చేసి యల్లక్కను బయట బెంచీ మీద కూర్చోబెట్టించింది. ఆమెది కన్నడం, తెలుగు ముక్కలు ముక్కలుగా వస్తుంది.

"యాకమ్మా ఇష్టు దిన బిట్రి?" అంది. ఇన్ని రోజులు ఎందుకు వదిలేశారని. "మేము ఎన్నిసార్లు ఫోన్ చేసినామో తెలుసా? లోపల రక్తం నిండిపోయింది. వెనక పొర ఊడిపోయింది. ఆపరేషన్ చేసినా చూపు రాదు. ఇంక సూది వేసీ ప్రయోజనం లేదు."

"ఏమీ లేదా మేడమ్? ఇంగేమీ లేదా?"

డాక్టరమ్మ అడ్డంగా తలూపింది. "టైముకు వచ్చుంటే..." అని ఆపేసి, మళ్ళీ అడిగింది. "ఎందుకు రాలేదు?"

యశోద నోటికి వచ్చిన మాట ఒకటే. "ఇంట్లో మైల మేడమ్" అంది. డాక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు. కార్డు మీద ఏదో రాసి ఇచ్చేసింది.

ఆ మాట అన్నాకే యశోదకు తెలిసింది తను ఏమందో. మైల అని గిరి జరిపిన ఫోల్డరు గుర్తొచ్చింది. వరండాలో గోడకు ఆనుకుని ఫోను తీసింది. చౌడమ్మ ఫోల్డరు తెరిచింది. వెండి కళ్ళు, చీర, పొంగలి. వాటి కింద, బుద్ధిగా, సూది. దాని పక్కన ఉగాది తర్వాతి మంగళవారం తేదీ. ఏ తప్పూ లేదు. ఎర్ర గుర్తు లేదు, ఏమీ లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసుకుని కూర్చుని ఉంది. ఆ ఫోను నేలకేసి కొట్టాలనిపించింది. తన తలే ఆ గోడకేసి కొట్టుకోవాలనిపించింది. సూదిని అందులో వేసింది తన వేలే. జరపడం నేర్పింది తన నోరే. జరిపినందుకు మెచ్చుకున్నదీ ఆ నోరే.

బెంచీ మీద యల్లక్క అడుగుల చప్పుడుకే మొహం ఎత్తింది. "వచ్చినావా మే? ఏమనె డాక్టరమ్మ?"

"ఉగాది పోయినాక సూది అంట మా" అంది యశోద. అబద్ధం చెబుదామని అనుకోలేదు. ఆ మొహం చూస్తే అదే వచ్చింది. "ఫోను పిలుస్తాది."

"అట్లనా! ఐతే రోంతన్నా చూపొస్తాదిలే" అని యల్లక్క కూతురి చేయి పట్టుకుని లేచింది.

ఇంటికొచ్చి మిద్దె మీదికి గిరిని పిలిచి యశోద అంతా చెప్పింది. గిరి మొదట ఏమీ అర్థం కానట్టు చూశాడు.

"సూదా? సూది చౌడమ్మ ఫోల్డర్లో యాలుండాది?"

"మా అమ్మ ఎయ్యమనె, ఏసినా."

"నాకు చెప్పల్ల గదా మే! చౌడమ్మ అంటే మొక్కేననుకుంటిని. మైల్లో మొక్కు ముట్టకూడదని జరిపితిని."

"తెరిచి చూడాల్సింది గదప్పా! ఒక్కసారి తెరిచి చూసింటే ఏం పోతాండె?"

"నువ్వు చూసినావా? నేను తెచ్చి చూపిస్తే బుద్ధొచ్చిందంటివి గదా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. గిరి పిట్టగోడ మీద కూర్చుని, రెండు చేతుల్లో తల పెట్టుకుని ఏడ్చాడు. చిన్నాయన చచ్చినప్పుడు కూడా అంతగా ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి, "అత్తకు చెప్పల్ల గదా" అన్నాడు.

"చెప్పల్ల" అంది యశోద.

ఎవరూ చెప్పలేదు. ఇవాళ కాదు రేపు అనుకున్నారు. ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. గిరి తన ఫోన్లోంచి ప్లానర్ తీసేశాడు. యశోద కూడా సూదిని తుడిచేయాలని చాలాసార్లు చూసింది. తొలగించాలా అని అది అడిగేది. ఆ అవును అన్న దాన్ని నొక్కడానికి ఆమెకు వేలు రాలేదు. నొక్కితే తన తల్లి కన్ను తనే రెండోసారి పీకినట్టుంటుందని భయం.

ఇటు యల్లక్క తన బాధలో తనుంది. తనకు తానే ఒక కారణం వెతుక్కుంది. "నాకు మైల లేదులే అనుకుని ఆ చావింట్లో అన్నం తిన్న్యా మే. ఆయమ్మకు దానికే కోపమొచ్చింది. నాదే తప్పు" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పుకునేది. వంటింట్లోంచి ఆ మాట వినపడ్డప్పుడల్లా యశోద కొంగు నోట్లో కుక్కుకునేది. నిజం చెబితే తల్లికి ఆ పాపం తప్పుతుంది. ఆశ కూడా పోతుంది. ఏది లాక్కోవాలో తెలియక రెండూ అట్లే ఉంచింది.

ధరణి తలలో పేలు మాత్రం యల్లక్క ఇంకా చూస్తూనే ఉంది, వేళ్ళతో. గొర్రెలొస్తే గేటు దగ్గరికి వెళ్తూనే ఉంది. "సూది ఏపించుకున్న్యాక చూస్తాలే వీటి సంగతి" అనేది.

ఉగాది వచ్చింది. పచ్చడి ఎవరి గొంతూ దిగలేదు. ఆ మర్నాడు గిరి ధర్మవరం వెళ్ళి, దగ్గరుండి చేయించి, వెండి కళ్ళు తెచ్చాడు. యల్లక్కే పోరి పంపించింది. అవి చేతిలో పెడితే బొటనవేలితో మెల్లగా తడిమి చూసింది. "రెప్పలు గూడా చెక్కినాడే! పనోడు మంచోడు" అంది. ఆమె సంతోషం చూడలేక గిరి చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఆ మంగళవారం పొద్దున యశోద పొయ్యి మీద పాలు పెట్టింది. గదిలో ఫోను మోగింది. గుడి గంటలాంటి ఆ చిన్న శబ్దం. ఉరికి వెళ్ళి చూస్తే తెర మీద నాలుగూ వరసగా ఉన్నాయి. వెండి కళ్ళు. చీర. పొంగలి. సూది. గంట ఆపేసి, ఆ మంచం మీదే కూలబడింది. పాలు పొంగి మాడు వాసన వచ్చేదాకా లేవలేదు.

పొయ్యి ఆర్పి బయటికి వచ్చింది. గడప దగ్గర యల్లక్క కూర్చుని ఉంది. నీళ్ళు పోసుకుంది. ఉతికిన చీర కట్టుకుంది, తిరగేసి. తల దువ్వుకుంది. ఒళ్ళో సంచి, సంచిలో ఆసుపత్రి కార్డు, కొంగు చివర ముడిలో వెండి కళ్ళు. మొహం కళకళలాడుతోంది.

"ఫోను పిలిచేకంటే నేనే ముందు లేసినా. పా మే, బస్సు పోతాది. సూది ఏపించుకుని అట్నుంచి అట్లే చౌడమ్మ దగ్గరికి పోదాం."

వాకిట్లో ఆటో తుడుస్తున్న గిరి చేతిలో గుడ్డ ఆగిపోయింది. అతను యశోద వైపు చూశాడు. ఇంక దాటేసే దారి లేదు. యశోద వచ్చి తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. తిరగేసి కట్టిన ఆ చీర అంచు చేత్తో పట్టుకుంది.

"మా, సూది లేదు మా."

"ఈపొద్దు లేదా?"

"యాపొద్దూ లేదు మా ఇంగ. కన్ను పోయింది. డాక్టరమ్మ ఆ దినమే చెప్పింది, ఇంగ సూది ఏసినా రాదని. నేను నీకు అబద్ధం చెప్పినా. చౌడమ్మకు కోపం రాలేదు మా. నువ్వు తిన్న అన్నం కాదు. సూదిని ఆయమ్మ సంచిలో ఏసింది నేను. మైల అని ఆ సంచి మొత్తం ఉగాది అవతలికి జరిపేసినాము. లోపల నీ సూది ఉండాదని చూడలేదు. నువ్వడిగినప్పుడు గూడా చూడలేదు. నీ కన్ను నేనే పోగొట్టినా మా."

గిరి ఆటో చక్రం పక్కన అలాగే కూలబడ్డాడు. యల్లక్క ఏడవలేదు, తిట్టలేదు. ఒళ్ళో సంచిని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. తర్వాత మొహం ఇంట్లోకి తిప్పింది, ఫోను ఉన్న గది వైపుకు, సరిగ్గా అటుకే.

"మరి పిలిచింది గదా మే" అంది.